బిళ్ళ మొదలైంది ఏడో వారంలో, దాని పని అయిపోయింది ఆరో వారానికే: ఒక కేసు

భీమవరం పక్కన ఒక చిన్న టౌన్లో గైనిక్ ప్రాక్టీసు నాది, ఇరవై ఏళ్ళు దాటింది. ఈ కేసు రాస్తానని ఆ అమ్మాయిని అడిగితే "రాయండి మేడం గారు, నా పేరు మాత్రం వద్దు" అంది, కాబట్టి పద్మ అందాం, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చా, మిగతాదంతా ఫైల్లో ఉన్నదే.

మొదటిసారి కడుపుతో వచ్చినప్పుడు పద్మకి 23 ఏళ్ళు, పెళ్ళై ఐదు నెలలు. ఇంట్లోనే కిట్ మీద చూసుకుంది, రెండు గీతలు వచ్చాయి, ఓ మంచి రోజు చూసుకుని అత్తగారిని తోడు తీసుకుని వచ్చింది. ఆఖరి పీరియడ్ తేదీ నుంచి లెక్కేస్తే ఆ రోజుకి 7 వారాల 4 రోజులు. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించింది, బీపీ బాగుంది, షుగర్ లేదు, థైరాయిడ్ నార్మల్, ఫిట్స్ మందులు ఏమన్నా వాడుతున్నావా అని అడిగా (కొన్ని ఫిట్స్ మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం, అందుకే అందర్నీ అడుగుతా), అదీ లేదు. అందరికీ రాసినట్టే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ బిళ్ళ రాశా. ఆ అమ్మాయి ఎంత పద్ధతైన మనిషంటే షీటు మీద ఒక్కో బిళ్ళ గూడు పక్కన పెన్నుతో తేదీ వేసుకుని మరీ వేసుకునేది, వేవిళ్ళతో కక్కేస్తే ఆ రోజు మళ్ళీ ఇంకోటి వేసుకునేది.

13వ వారంలో స్కాన్. ఆ వయసులో బిడ్డ తలని పక్కనుంచి చూస్తే పుర్రె తెల్లగా గుండ్రంగా, కోడిగుడ్డు అంచులా గీసినట్టు కనపడాలి. ఇక్కడ కళ్ళ వరకు వచ్చి ఆ గీత ఆగిపోయింది, పైన ఏమీ లేదు. కాళ్ళూ చేతులూ చక్కగా ఆడిస్తోంది, గుండె బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది, పుర్రె మాత్రం లేదు. ఎనెన్‌సెఫలీ అంటారు, బతకని లోపం, వైద్యం లేదు. పద్మ స్క్రీన్ వైపు చూసి నవ్వుతూ "చెయ్యి ఊపుతోందండి" అంది. నేను ప్రోబ్ తీయకుండా ఇంకో నిమిషం ఊరికే అటూ ఇటూ తిప్పాను, చూడ్డానికి కాదు, ఎలా చెప్పాలో తెలీక.

రెండో అభిప్రాయానికి ఇంకో చోటికి పంపా, అక్కడా అదే మాట. 13 వారాలే కాబట్టి చట్టప్రకారం ఇబ్బంది లేదు, వాళ్ళే నిర్ణయించుకున్నారు, కడుపు తీయించుకున్నారు. దాని గురించి ఇంతకంటే రాయను.

వారం తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు అత్తగారు మొదలుపెట్టారు. గ్రహణం రోజు గుమ్మం దాటిందని ఒకటి, మేనరికం చేసుకోబట్టే ఇలా అయిందని ఇంకోటి (పద్మ భర్త స్వయానా మేనబావ, అంటే ఈ అత్తగారు మేనత్తే, సంబంధం కలుపుకుంది కూడా ఆవిడే). మేనరికంలో కొన్ని లోపాలు వచ్చే అవకాశం పెరిగేమాట నిజమే గానీ ఇది మాత్రం దానివల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేరు, ఏ సంబంధమూ లేనివాళ్ళకీ వస్తుంది, అసలు ఇలాంటి బిడ్డలు పుట్టినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో అంతకుముందు ఇలాంటిది ఎవరికీ ఉండదు. గ్రహణానికి అసలు సంబంధమే లేదు అని చెప్పా. ఆవిడ నమ్మినట్టు అనిపించలేదు.

పద్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "మీరిచ్చిన బిళ్ళ ఒక్కరోజు కూడా మానలేదండి. అది బిడ్డకి వెన్నుపూస, మెదడు బాగుండటానికే అన్నారు కదా. మరి ఎందుకిలా అయిందండి?"

ఆ బిళ్ళ వేసుకోవడం మొదలెట్టేసరికే అది చేయాల్సిన పని టైము దాటిపోయింది, అదీ జవాబు. కడుపు పడ్డాక బిడ్డ వీపు మీద ఒక చదునైన పొర ఉంటుంది, అది రెండువైపులా లేచి చాప చుట్టినట్టు చుట్టుకుని గొట్టం అవుతుంది, అదే తర్వాత మెదడూ వెన్నుపామూ. తల వైపు చివర 25వ రోజు ప్రాంతంలో మూసుకుంటుంది, నడుం వైపు చివర 28వ రోజుకి. పైన మూసుకోకపోతే ఎనెన్‌సెఫలీ, కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా, అంటే వెన్ను పూర్తిగా మూసుకోని లోపం. ఈ రోజులు కడుపు పడ్డ దగ్గర్నుంచి లెక్క. మనం ఆఖరి పీరియడ్ నుంచి లెక్కేస్తాం కాబట్టి ఇంకో రెండు వారాలు కలపాలి, అంటే ఆరు వారాలకి అంతా అయిపోతుంది. ఆరు వారాలంటే ఏంటి, నెల తప్పి సరిగ్గా రెండు వారాలు. ఈ నెల లేటేమోలే అని ఒక వారం, కిట్ తెచ్చుకోడానికి నాలుగు రోజులు, అమ్మకి చెప్పి అత్తకి చెప్పి మంచి రోజు చూసుకుని డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి గొట్టం మూసుకుంటే మూసుకుంది, లేకపోతే లేదు. ఏడున్నర వారాలప్పుడు నేనిచ్చిన బిళ్ళ రక్తం పట్టడానికి పనికొస్తుంది, ఆ గొట్టానికి కాదు.

ఇదంతా కాగితం మీద గీసి మరీ చెప్పా, విని తలూపి వెళ్ళిపోయింది. ఓపీ అయ్యాక ఫైల్ సర్దుతుంటే పాత కాగితం ఒకటి కిందపడింది, నా చేతిరాతే. పెళ్ళికి మూడు వారాల ముందు తేదీ. పీరియడ్ పెళ్ళిరోజు మీద పడుతోందని, వాళ్ళమ్మ తోడు తీసుకుని, పీరియడ్ వాయిదా బిళ్ళలకోసం నా దగ్గరికి వచ్చింది ఈ పిల్ల. రెండు నిమిషాల కన్సల్టేషన్. బిళ్ళ పేరు, రోజుకెన్ని, ఎప్పుడు ఆపాలి, కింద సంతకం. ఇంకేం లేదు ఆ కాగితం మీద.

ముహూర్తాల సీజన్లో రోజుకి నలుగురైదుగురు ఈ బిళ్ళలకోసమే వస్తారు. అందరూ నెల్లోపు పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, వీళ్ళలో సగంమందికి పైగా ఏడాది తిరక్కుండా కడుపుతో మళ్ళీ నా దగ్గరికే వస్తారు. కడుపుకి ముందు ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి అని పుస్తకాల్లో చదివాం, పరీక్షల్లో రాశాం, మీటింగుల్లో చెప్పుకుంటాం, మన ఊళ్ళల్లో కడుపుకి ముందు సలహాకి ఎవరూ రారు డాక్టర్ గారూ అని ఒకరికొకరం సర్దిచెప్పుకుంటాం. వస్తూనే ఉన్నారు, వాయిదా బిళ్ళలకోసం వస్తున్నారు, నేనే చూడలేదు. పద్మ విషయంలో ఆ రోజు ఒక్క లైను ఎక్కువ రాసుంటే ఇలా జరిగేది కాదని నేననడం లేదు, ఫోలిక్ యాసిడ్ వేసుకున్నా కొన్ని కేసులు వస్తాయి. కానీ ఆ లైను రాయలేదు, అది మాత్రం నిజం.

ఈ మందు గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మాకిది సొంతూరి విషయం. ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, పుట్టింది భీమవరంలోనే, 1895లో. అంతకుముందే 1931 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు పనివాళ్ళ ఇళ్ళల్లో గర్భిణులకి రక్తం తగ్గిపోవడం చూసి, ఈస్టు నుంచి తీసిన పదార్థం పెడితే తేరుకుంటున్నారని కనిపెట్టింది, అందులో ఉన్నది ఇదే విటమిన్. అంటే దీని కథ సగం మన దేశంలోనే నడిచింది. ఇక గొట్టం మూసుకోవడానికి ఇది పనికొస్తుందని గట్టిగా తేలింది 1991లో, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళు 7 దేశాల్లో 33 సెంటర్లలో చేసిన ట్రయల్‌తో. ముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి కడుపుకి ముందునుంచే రోజుకి 4 ఎంజీ ఇచ్చి చూశారు. మొత్తం 27 మంది బిడ్డల్లో లోపం కనిపిస్తే అందులో ఫోలిక్ యాసిడ్ వేసుకున్న తల్లుల బిడ్డలు 6, వేసుకోనివాళ్ళవి 21. అంటే 72 శాతం తగ్గింది. ఇంత చవక బిళ్ళ ఇంత పని చేయడం వైద్యంలో అరుదు.

డోసు దగ్గర జనానికీ, కొన్నిసార్లు మాకూ గందరగోళం ఉంటుంది. ఏ రిస్కూ లేని ఆడపిల్లకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు, అంటే 0.4 ఎంజీ. కానీ మన మెడికల్ షాపులో ఫోలిక్ యాసిడ్ అని అడిగితే మామూలుగా చేతిలో పెట్టేది 5 ఎంజీ బిళ్ళ, అంటే పన్నెండున్నర రెట్లు. పద్మలాగా ముందు కాన్పులో ఇలా జరిగినవాళ్ళకి, ఫిట్స్ మందులు వాడేవాళ్ళకి, ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ పెద్ద డోసే కావాలి. ఒకసారి ఇలా జరిగితే మళ్ళీ జరిగే అవకాశం వందలో మూడు నాలుగు. చిన్నగా కనిపిస్తుంది గానీ మామూలు వాళ్ళతో పోలిస్తే చాలా రెట్లు.

మూడు నెలల తర్వాత మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. అతను రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు, అందరికంటే ముందు అతనే అడిగాడు, "ఎన్నాళ్ళు ఆగాలండి, ఏం వాడాలండి, చెప్పండి, అదే చేస్తాం" అని. కనీసం మూడు నెలలు కడుపు రాకుండా జాగ్రత్తపడమని, ఆ మూడు నెలల్లో సరిచేయాల్సినవి సరిచేద్దామని చెప్పి రక్తపరీక్షలు రాశా.

హిమోగ్లోబిన్ 9.6. రక్తకణం సైజు చూపించే ఎంసీవీ 84, నార్మల్. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, సైజు బానే ఉంది కదా అని. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బీ12 తక్కువైతే పెద్దవవుతాయి, రెండూ తక్కువైతే చిన్నవీ పెద్దవీ కలిసి సగటు నార్మల్‌లా కనపడుతుంది. పక్కనే ఉండే ఆర్‌డీడబ్ల్యూ అంకె ఎక్కువుంది, అంటే కణాల సైజులు ఒకదానికొకటి పొంతన లేవు. ఒంట్లో ఐరన్ నిలవ చెప్పే ఫెరిటిన్ 11, బీ12 వచ్చి 142, రెండూ తక్కువే. చుట్టూ చేపలూ రొయ్యలూ పండే ఊళ్ళో ఉండి బీ12 లేకపోవడమేంటి అంటే పిల్లకి చిన్నప్పట్నుంచి నీచు పడదు, గుడ్డు వాసన కూడా సయించదు, ఆ తినేదేదో పల్చటి మజ్జిగ అన్నం.

ఇది పట్టుకోకుండా ఊరికే 5 ఎంజీ ఫోలిక్ యాసిడ్ పెట్టేస్తే రక్తం కొంచెం బాగుపడినట్టే ఉంటుంది గానీ బీ12 లేక నరాలకి జరిగే నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. అందుకే ముందు బీ12 ఇంజెక్షన్లు, ఆ వెంటనే ఫోలిక్ యాసిడ్, ఐరన్.

పరీక్షల కాగితాలు ఇస్తూ ఇంకేమన్నా వాడుతున్నావా అని అడిగితే లేదంది. బలానికి ఏమన్నా అని మళ్ళీ అడిగా. అప్పుడు మొగుడు మోటార్‌సైకిల్ డిక్కీలోంచి రెండు డబ్బాలు తెచ్చాడు. కువైట్లో పనిచేసే వాళ్ళ పిన్ని పంపిందట, "ఈసారి బిడ్డ బలంగా పుట్టాలి" అని. ఒకటి చేప నూనె క్యాప్సూల్స్, పసుపు రంగులో మెరుస్తూ, ఇంకోటి మల్టీవిటమిన్. కళ్ళద్దాలు పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివా. చేప నూనె అంటే చేప లివర్ నూనె, ఒక్కో క్యాప్సూల్లో విటమిన్ ఎ 4000 యూనిట్లు, రోజుకి రెండు వేసుకుంటోంది. మల్టీవిటమిన్లో ఇంకో 5000. మొత్తం రోజుకి 13 వేలు. రెటినాల్ రూపంలో ఉండే విటమిన్ ఎ గర్భిణులకి రోజుకి 10 వేల యూనిట్లు దాటకూడదు, దాటితే బిడ్డకి లోపాలు వచ్చే ప్రమాదం, పైగా అది లివర్లో నిలవ ఉంటుంది కాబట్టి కడుపు వచ్చాక ఆపేస్తాంలే అనడానికి లేదు. రెండు డబ్బాలూ ఆపించేశా. క్యారెట్, మునగాకు, బొప్పాయి పండులో ఉండేది వేరే రకం, దానితో ఈ భయం లేదు, తినమన్నా. ఇంకో మాట, ఫోలిక్ యాసిడ్ ఎక్కువ కావాలి కదా అని మల్టీవిటమిన్ బిళ్ళలు నాలుగైదు మింగేవాళ్ళూ ఉన్నారు, అది చేయకూడదు అనేది కూడా ఇందుకే. ఫోలిక్ యాసిడ్ కావాలంటే ఫోలిక్ యాసిడ్ బిళ్ళే వేసుకోవాలి.

వెళ్ళేముందు అత్తగారి సంగతి ఒకటి బయటపడింది. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు కాస్త తేడా రంగులో వస్తున్నాయని, అవి ప్లాస్టిక్ బియ్యమని, ఆవిడ రోజూ చేటలో వేసి ఒక్కోటీ ఏరి పారేస్తున్నారట. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజలు, అవి కలిపిన బియ్యంలో కిలోకి ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉంటుంది. బిళ్ళకి బదులు సరిపోదు గానీ, ఉన్న ఆ కాస్త కూడా కోళ్ళకి పోతోంది. ఆవిడకి ఫోన్ చేసి చెప్పా. "అలాగా డాక్టరమ్మగారూ, మా కోళ్ళు మాత్రం బాగా గుడ్లు పెడతన్నాయండి" అన్నారు, వెటకారమో నిజమో ఇప్పటికీ తెలీదు నాకు.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.7కి వచ్చింది. ఆ తర్వాత రెండో నెల్లోనే కడుపు నిలిచింది. అప్పటికి ఫోలిక్ యాసిడ్ ఐదు నెలలుగా లోపలికి వెళ్తోంది. 12 వారాల స్కాన్‌కి ముందు రోజు రాత్రి ఆ పిల్ల నిద్రపోయిందో లేదో గానీ నేను సరిగ్గా పడుకోలేదు. ప్రోబ్ పెట్టగానే ముందు తలే చూశా. తెల్లటి గీత, గుండ్రంగా, ఎక్కడా తెగకుండా. పద్మ ఈసారి స్క్రీన్ వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తోంది. "ఇటు చూడమ్మా" అని మానిటర్ తిప్పా. 20వ వారం స్కాన్లో వెన్నుపూస కూడా పైనుంచి కిందదాకా సరిగ్గా ఉంది. పెద్ద డోసు 12 వారాలకి ఆపేసి, నాలుగో నెల నుంచి అందరికీ ఇచ్చే ఎర్ర బిళ్ళ (60 ఎంజీ ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్), కాల్షియం మొదలుపెట్టా, బీ12 కూడా కొనసాగించా.

ఇక అంతా సాఫీగా పోతుందనుకుంటే 28 వారాలకి హిమోగ్లోబిన్ 8.9. ఆ నెలల్లో రక్తం పల్చబడి అంకె కొంచెం తగ్గడం మామూలే గానీ ఇంత తగ్గదు, పైగా ఫెరిటిన్ 8. బిళ్ళలు మానేసిందేమో అనుకుంటాం కదా, నేనూ అదే అనుకుని "విరేచనం నల్లగా వస్తోందా" అని అడిగా, ఐరన్ వేసుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి పనికొచ్చే ప్రశ్న అది. వస్తోందంది. అంటే కడుపులోకి వెళ్తోంది, ఒంటికి పట్టడం లేదు.

మర్నాడు మందుల సంచి మొత్తం తెమ్మన్నా. టేబుల్ మీద కుమ్మరిస్తే సబ్‌సెంటర్లో ఇచ్చిన ఎర్ర బిళ్ళలు, అక్కడే ఇచ్చిన కాల్షియం, నేను రాసిన కాల్షియం ఇంకో కంపెనీది, బీ12, ప్రోటీన్ పొడి డబ్బా, షాపతను తనంతట తాను ఇచ్చిన జింకు బిళ్ళ. ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నావు అంటే పొద్దున వేసుకుంటే వాంతి వస్తోందని రాత్రికి మార్చుకుందట, మర్చిపోకుండా అత్తగారే అన్నిటినీ ఒలిచి చిన్న స్టీలు గిన్నెలో వేసి, పెద్ద గ్లాసుడు పాలల్లో ప్రోటీన్ పొడి కలిపి, ఆ పాలతో వరసగా మింగించేస్తున్నారు. ప్రేమతోనే. అంతా ఒకేసారి. ఐరన్‌కి కాల్షియం అడ్డం, పాలు అడ్డం, మళ్ళీ పొద్దున్నే ఇత్తడి గ్లాసుతో స్ట్రాంగ్ కాఫీ. అన్నాళ్ళు బుద్ధిగా మింగిన ఐరన్‌లో ఒంటికి పట్టింది ఎంతో దేవుడికే తెలియాలి.

తప్పు నాదే ఇక్కడ కూడా, రోజుకెన్ని అని రాశా గానీ దేనితో దేన్ని కలపకూడదో రాయలేదు. అప్పుడు ఓ కొత్త కాగితం మీద గడియారం బొమ్మలు గీసి ఇచ్చా. టిఫిన్ తిన్న రెండు గంటలకి, పదకొండుకి ఒక ఎర్ర బిళ్ళ, నిమ్మకాయ నీళ్ళతో. సాయంత్రం ఐదుకి ఇంకోటి, అలాగే (8.9 కాబట్టి రోజుకి రెండు, మామూలుగా అయితే ఒకటే). కాల్షియం మధ్యాహ్నం అన్నంతో ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి, రెండు కంపెనీలవీ కాదు, ఏదో ఒకటే. కాఫీ టీలు ఐరన్‌కి గంట ఇటూ గంట అటూ వద్దు. జింకు, ప్రోటీన్ పొడి ఆపేయమన్నా, ఆ డబ్బుతో పప్పు, పెరుగు, వేరుశనగలు కొనుక్కోమన్నా. నెలలో ఒక పాయింటు పెరక్కపోతే సెలైన్లో ఐరన్ ఎక్కిద్దాం అని ముందే చెప్పా, అత్తగారు సూది మాట వినగానే ఆ కాగితం తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అంటించారట.

32 వారాలకి 10.1. 36 వారాలకి 10.9. సెలైన్ అవసరం పడలేదు. ఎక్కువ బిళ్ళలు వేసుకుంటే బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందని ఎవరో చెప్పారట, ఆఖరి నెలలో రెండు మూడు రోజులు మానేసింది కూడా, మందలించా. 38వ వారంలో మామూలు కాన్పు, ఆడపిల్ల, 2 కిలోల 900.

కాన్పయ్యాక ఐరన్, కాల్షియం ఇంకో ఆరు నెలలు వాడాలి, ఇక్కడ కూడా పేచీ వచ్చింది, బాలింతకి ఆకుకూర వద్దు, పప్పు వద్దు, బిళ్ళలు వేడి అని. అత్తగారితో మళ్ళీ మాట్లాడాల్సొచ్చింది, ఈసారి ఆవిడే "ఎర్ర బిళ్ళ నిమ్మకాయ నీళ్ళతోనే కదండీ" అని అడిగారు, సగం గెలిచినట్టే అనుకున్నా.

మూడో నెల టీకాలకి వచ్చినప్పుడు పద్మ కాపర్ టీ వేయించుకుంది. తర్వాతి బిడ్డ అనుకున్నప్పుడు మళ్ళీ ఆ పెద్ద డోసు వాడాలా, ఒక బిడ్డ బాగా పుట్టింది కదా అని అడిగింది. వాడాలి, కాపర్ టీ తీయించుకోడానికి మూడు నెలల ముందే మొదలుపెట్టాలి అని చెప్పి ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి పెట్టా, ఎవరు తెరిచినా ముందు అదే కనపడేలా. ఇక ముహూర్తాల సీజన్ మళ్ళీ వచ్చింది, వాయిదా బిళ్ళల పిల్లలు మళ్ళీ వస్తున్నారు. ఇప్పుడు ఆ కాగితం మీద రెండో లైను కూడా రాస్తున్నా. పక్కనున్న అమ్మలు "ఇదెందుకండీ, ఇంకా పెళ్ళే కాలేదు కదా" అంటారు, పెళ్ళికూతురు మాత్రం సిగ్గుపడి నేల చూస్తూ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటుంది.